బొంత లోపలి పొర

సమ్మె మొదలైన రోజు మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు తల్చుకుంటే నాకే విడ్డూరంగా ఉంటుంది. మా ఆయనా, మా మరిదీ పట్టపగలు ఇంటికొచ్చేసరికి మా అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఏరా, ఇద్దరూ కట్టగట్టుకుని వచ్చారు, ఫ్యాక్టరీ గానీ పారిపోయిందా?" అంది.

"ఫ్యాక్టరీ ఎక్కడికీ పోలేదమ్మా. మేమే బయటికొచ్చేశాం," అన్నాడు మా ఆయన.

"మంచిపని చేశారు. ఈ ఇంట్లో మగాళ్ళు పగటిపూట ఎలా ఉంటారో నేనూ ఎప్పుడూ చూళ్ళేదు."

మా మరిది పెళ్ళాం, అంటే నా తోడికోడలు, లోపల్నుంచి పకపకా నవ్వింది. ఆమె అప్పుడు కడుపుతో ఉంది. అంతకుముందు ఒకసారి నిలవలేదు. అందుకని ఆమెని నీళ్ళ గ్లాసు కూడా ఎత్తనిచ్చేవాళ్ళం కాదు. ఆమె నవ్వు వినిపిస్తే చాలు, ఇంటిల్లిపాదికీ ఆ పూటకి నిశ్చింతగా ఉండేది.

మా ఆయన రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. పొడవాటి బల్లమీద బట్టని పొరలు పొరలుగా పరిచి, పైన గీత గీసి, మిషన్ కత్తెరతో ఒక్క ఊపున అన్ని పొరలూ కోసేవాడు. మా మరిది ఇస్త్రీ సెక్షన్లో. కొత్తగా వచ్చిన మేనేజరు, కడుపుతో ఉన్న ఇద్దరు అమ్మాయిల్ని, స్టూలు వేసుకుని కూర్చుని పనిచేస్తున్నారని, పనిలోంచి తీసేశాడు. ఆ ఇద్దర్నీ వెనక్కి తీసుకునేదాకా మిషన్ ముట్టేది లేదని అందరూ చెయ్యెత్తారు. మా ఆయన్ని కమిటీలో పెట్టుకున్నారు. గేటు ఎదురుగా టెంటు వేసుకుని కూర్చున్నారు.

"ఆ ఇద్దరి కోసం ఇంతమంది బయటికొచ్చారా?" అని నేను ఆశ్చర్యపోయాను.

"ఇవాళ వాళ్ళు, రేపు మన చిన్నదాని లాంటిది," అన్నాడు మా ఆయన, తోడికోడలి వైపు గడ్డంతో చూపిస్తూ. ఆ మాట అన్నప్పుడు మా మరిది కూడా అక్కడే ఉన్నాడు. తల వంచుకుని చెప్పు తెగిన చోట సూదితో కుట్టుకుంటున్నాడు.

నాలుగు రోజుల్లో తేలిపోతుందన్నారు. తేలలేదు. చలి మొదలైంది. వంటింట్లో డబ్బాల అడుగులు కనిపించడం మొదలైంది. అప్పుడు మా అత్తయ్య తన రేకుపెట్టె తెరిచి, పోయిన మామయ్యవి పాత చొక్కాలన్నీ తీసి నడవలో కుప్ప పోసింది.

"బొంతలు కుడదాం," అంది. "చలి అందరికీ వేస్తుంది, సమ్మె చేసేవాళ్ళకీ, చెయ్యనివాళ్ళకీ. ఆదివారం సంతలో పెడదాం."

మామయ్య చొక్కాలతో ఎన్ని బొంతలవుతాయి? ఆమె సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. చిరిగిన ప్యాంట్లు, వెలిసిపోయిన పరదాలు, మాసికలు పడ్డ దుప్పట్లు, ఎవరు ఏదిస్తే అది. మా ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"కమిటీలో ఉన్నవాడి తల్లి చిరుగుబట్టలు అడుక్కుంటోందంటారమ్మా."

"నేనడిగేది వాళ్ళు పారేసేది. నువ్వు టెంట్లో కూర్చుని అడుగుతున్నది ఫ్యాక్టరీవాళ్ళు ఇవ్వం అంటున్నది. ఇద్దర్లో ఎవరిది పెద్ద అడుక్కోవడంరా?"

మర్నాడు టెంట్లో వాళ్ళ ఇళ్ళనుంచి తనే ఒక మూట బట్టలు మోసుకొచ్చాడు.

మా నడవ ఆ చలికాలమంతా బట్టల కొట్టులా ఉండేది. అత్తయ్య గోడకి జారబడి కాళ్ళు చాపుకుని కూర్చునేది. ముందు ప్రతి బట్టా ఉతికి, ఆరేసి, అప్పుడే కత్తెర పట్టేది. ఎంత పాతదైనా సరే, ఎంత శుభ్రంగా కనిపించినా సరే, నీళ్ళు చూడకుండా సూది చూసేది కాదు. కుట్లు బ్లేడుతో విప్పి, గుండీలు కోసి డబ్బాలో వేసేవాళ్ళం. చొక్కాల వీపులు బొంత పైపొరకి. ప్యాంట్ల తొడలు సంచులకి. సాగిపోయిన బనియన్లని పట్టీల్లా కోసి, జడలా అల్లి, చుట్టలు చుట్టలుగా తిప్పి కుడితే కాళ్ళు తుడుచుకునే పట్టాలయ్యేవి. తువ్వాళ్ళు రెండు పొరలు కలిపితే వేడిగిన్నెలు దించుకునే మసిగుడ్డలు. పనికి రావనుకున్న పీలికలన్నీ బొంత లోపలికి, రెండు పొరల మధ్యకి వెళ్ళేవి. లోపలి పొర ఎంత దట్టంగా ఉంటే బొంతకి అంత వెచ్చదనం.

"చొక్కాకి ముందు పోయేవి కాలరూ, మోచేతులూ," అనేది అత్తయ్య. "వీపు గట్టిగానే ఉంటుంది. నా పెద్దకొడుకు ప్యాంట్లు మాత్రం చూడండే అమ్మాయిలూ, ఇదివరకు మోకాళ్ళ దగ్గర చిరిగేవి. ఇప్పుడు కూర్చునే చోట చిరుగుతున్నాయి. అంత కష్టపడుతున్నాడు టెంట్లో!"

తోడికోడలు నవ్వలేక పొట్ట పట్టుకునేది. "అత్తయ్యా, నవ్వించకండి, లోపల వాడు కూడా ఊగుతున్నాడు," అనేది. ఆమె కుట్టేది చిన్నచిన్న పనులే, గుండీలు ఏరడం, దారం ఎక్కించడం. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి మొహం పాలిపోయి, అక్కడే బట్టల మధ్య పడుకుండిపోయేది. డాక్టరమ్మ ఒంట్లో రక్తం లేదంది. మందులు ఒక్కరోజు కూడా ఆపొద్దంది. ఆ మాట విన్న వారానికే మా మరిదికి ఊరికి ఆ చివర ఏదో గోడౌన్లో మూటలు దించే పని దొరికింది. తెల్లారకముందే వెళ్ళి, పొద్దుగూకేవేళకి వచ్చేవాడు. సమ్మెలో ఉన్నవాళ్ళు చాలామంది అలా ఏదో ఒక కూలికి వెళ్తూనే ఉన్నారు. ఎవరూ తప్పు పట్టలేదు.

తీసేసిన ఇద్దరిలో ఒకమ్మాయి మా వీధిలోనే ఉండేది. ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది కాబట్టి అందరూ కాజాలమ్మాయి అనేవారు. నెలలు నిండుతున్నా రోజూ మా నడవలోకి వచ్చి కూర్చుని, చక్కటి సన్నటి కుట్టుతో అంచులు వేసిపెట్టేది. తన వల్లే ఇంతమంది పస్తులుంటున్నారని ఆ పిల్ల బెంగ.

"అన్నా, కుదరదంటే మానేద్దాం. నేను వేరే పని చూసుకుంటా," అంది ఒకసారి మా ఆయనతో.

మా ఆయనకి కోపం వచ్చింది. కోపం అంటే ఆ పిల్ల మీద కాదు. "సమ్మె మొదలైన రోజే ఆకాశం రంగు తాన్లు లారీ దిగాయి, చూశావుగా? అన్నీ పెద్ద ఆర్డరువి. అవి అలాగే పడున్నాయి. లోపల ఉత్తినే మిషన్లు తిప్పి చప్పుడు చేస్తున్నారు, మనల్ని భయపెట్టడానికి. నా బల్లమీద నేను తప్ప ఎవడూ కత్తెర పెట్టలేడు. ఆ తాన్లు అలా ఉన్నంత కాలం వాళ్ళే మన దగ్గరకి రావాలి."

ఆ తాన్ల సంగతి టెంట్లో అందరికీ కంఠతా వచ్చు. అవి కోయకుండా పడున్నాయన్న ధైర్యంతోనే అంతమంది అన్ని రోజులు చలిలో కూర్చున్నారు.

ఒక సాయంత్రం మా మరిది సంచీడు గుడ్డపీలికలు తెచ్చి అత్తయ్య ముందు పెట్టాడు. మా ఆయన ఇంకా టెంటు నుంచి రాలేదు.

"లోపల పెట్టడానికి పీలికలు చాలట్లేదన్నావుగా. గోడౌన్ పక్కన ఎవరో పారబోశారు. ఏరుకొచ్చా," అన్నాడు.

అన్నీ కొత్త ముక్కలు. లేత నీలం. నేనెప్పుడూ ఫ్యాక్టరీ గేటు దాటినదాన్ని కాను, ఆ తాన్లు చూసినదాన్నీ కాను. నాకవి ముక్కలే, దేవుడిచ్చినట్టు దొరికిన ముక్కలు. అత్తయ్య మాత్రం ఒక ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కొత్తబట్టకి గంజివాసన ఉంటుంది. దాని కింద మిషన్ నూనె వాసన. నలభై ఏళ్ళు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొగుడి చొక్కాలు, కొడుకుల చొక్కాలు ఉతికిన మనిషి ఆమె. ముక్క కిందపెట్టి కొడుకు మొహంలోకి చూసింది.

"గోడౌన్ పక్కనా?" అంది.

"అవునమ్మా."

"సరే. చేతులు కడుక్కుని రా, అన్నం తిందువు గాని."

అంతే. ఇంకేం అడగలేదు. మర్నాడు మా ఆయన వెళ్ళిపోయాక ఆ సంచి విప్పింది. నేను అలవాటుకొద్దీ ముక్కలన్నీ బకెట్లో వెయ్యబోతే చెయ్యి పట్టుకుంది.

"ఇవి ఉతకొద్దు."

"అదేంటత్తయ్యా? నీళ్ళు చూడనిది సూదికి ఇవ్వనంటారుగా."

"దండెం మీద జాగా ఏదీ? లోపలికేగా పోయేది. లోపలివి ఎవరికీ కనపడవులే."

దండెం ఖాళీగా ఊగుతోంది. నేనది చూశాను. చూసి, పెద్దావిడ మాటకి ఎదురెందుకని ఊరుకున్నాను. ఆ రోజు నుంచి నీలం ముక్కలన్నీ ఆమే తన చేత్తో లోపలి పొరలో పరిచి, పైన పాత చొక్కా వీపు కప్పి, నాలుగువైపులా టాకాలు వేసి మరీ మా చేతికిచ్చేది. మరిది ఇంకో రెండుసార్లు తెచ్చాడు. మూడోసారి, "ఇంక తేకురా. చాలు," అంది. ఆ 'చాలు' అనడంలో ఏదో ఉంది. మా మరిది తల్లి వైపు చూడలేక దండేనికేసి చూశాడు.

కాజాలమ్మాయికి నొప్పులు వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. పుట్టబోయే బిడ్డకి ఒక చిన్న బొంత కావాలని మొహమాటపడుతూ అడిగింది. అత్తయ్య కాసేపు అటూ ఇటూ వెతికింది. పాత పీలికలతో నింపిన చిన్న బొంతలు అప్పటికే సంతలో చెల్లిపోయాయి. మిగిలిన చిన్నది ఒకటే, మామయ్య గళ్ళచొక్కా వీపుతో చేసింది. చాలా దట్టంగా, మెత్తగా వచ్చింది. దాన్ని చేతుల్లోకి తీసుకుని, మళ్ళీ కిందపెట్టి, మళ్ళీ తీసుకుంది.

"ఇంకోటి కుట్టిస్తానే, ఆగు," అంది.

"ఇది బావుంది కదమ్మా. ఎంత వెచ్చగా ఉందో!" అని ఆ పిల్ల బొంతని చెంపకి ఆనించుకుంది.

అలా చెంపకి ఆనించుకున్నాక ఎవరు మాత్రం వెనక్కి తీసుకుంటారు? ఇచ్చేసింది. పసిబిడ్డకి వాడేముందు తల్లి దాన్ని ఒకసారి ఉతుకుతుందన్న ఆలోచన ఆ క్షణాన మా ఇద్దరికీ రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాజాలమ్మాయి ఒక బకెట్ పట్టుకుని మెల్లగా వచ్చింది. బకెట్ పైన తువ్వాలు కప్పి ఉంది. మా ఆయన ఆ పూట టెంటు నుంచి భోజనానికి వచ్చి, నడవలో కూర్చుని ఉన్నాడు. ఆ పిల్ల ఆయన్ని చూసి గుమ్మంలోనే ఆగింది. అత్తయ్య లేదు, బట్టలు అడగడానికి వెళ్ళింది.

"అక్కా, బొంత రంగు దిగుతోంది. ఒకసారి చూడండి," అంది నాతో. బకెట్ గుమ్మం పక్కన దించింది. ఇంకేదో అనబోయి, అనకుండా నడుం పట్టుకుని వెళ్ళిపోయింది.

నేను తువ్వాలు తీశాను. నీళ్ళు నీలంగా ఉన్నాయి. బొంత పైకెత్తితే, అరిగిపోయిన గళ్ళగుడ్డ తడికి పల్చనై, లోపలి ముక్కలు ఒక్కొక్కటీ ఏ ఆకారంలో ఉందో ఆ ఆకారంలో పైకి కనిపిస్తున్నాయి. మా ఆయన అన్నం ముందునుంచి లేచి వచ్చాడు. ఎంగిలి చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. బ్లేడు తీసుకుని ఒక అంచు విప్పాడు. వేలు దూర్చి ఒక ముక్క లాగాడు.

చంద్రవంకలా వంపు తిరిగిన ముక్క. చొక్కా చంక దగ్గర కోసినప్పుడు రాలేది. ఆయన రోజూ తన బల్లకింద తొక్కుకుంటూ తిరిగే ముక్క.

"నీటుగా కోశాడు," అన్నాడు. "బయటివాణ్ణి తెచ్చారన్నమాట."

ముక్కని మోకాలి మీద పరిచి వేళ్ళతో ముడతలు తీస్తూ అక్కడే కూర్చున్నాడు. "అన్నం చల్లారిపోతోందయ్యా," అన్నాను. వినిపించుకోలేదు. ఇవి ఎవరు తెచ్చారని మాత్రం అడిగాడు, మరిది అని చెప్పాను. లోపల గదిలో తోడికోడలు మంచం మీద లేచి కూర్చున్న చప్పుడైంది. ఆమెకి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

అత్తయ్య వచ్చింది. బకెట్ చూసింది, కొడుకు మోకాలి మీద ముక్క చూసింది. భుజాన ఉన్న సంచి దించకుండా అలాగే గోడకి ఆనుకుని నిలబడింది.

మా మరిది పొద్దు వాలుతుండగా వచ్చాడు. ఒక కాలు చెప్పు విప్పి, రెండోది విప్పబోతూ బకెట్ చూశాడు.

"ఎక్కడ పనిచేస్తున్నావురా?" అన్నాడు మా ఆయన.

"చూశావుగా అన్నా. మళ్ళీ నా నోటితో ఎందుకు?"

"నీ నోటితోనే కావాలి."

"లోపలే. వెనక గేటు నుంచి వ్యాన్లో తీసుకెళ్తున్నారు."

"నాకొక మాట చెప్పొచ్చుగా."

"చెబితే ఏం చేసేవాడివి? నీ సంగతి నాకు తెలీదా అన్నా? నువ్వు పస్తుండి, నన్నూ పస్తుండమనేవాడివి. నేనుండగలను. ఇదెలా ఉంటుంది?" లోపలి గది వైపు చెయ్యి చూపించాడు. "పోయినసారి ఏమయిందో నువ్వూ చూశావు. గుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. మళ్ళీ ఆ మూట నేను మొయ్యలేను."

మా ఆయన గొంతు తగ్గింది. "నువ్వూ చెయ్యెత్తావు కదరా."

"నువ్వు నాకేసి చూస్తున్నావని ఎత్తాను."

అప్పుడు అత్తయ్య వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "వాణ్ణేం అనకు. లోపల పెట్టి కుట్టింది నేను. వాసన చూసిన రోజే నాకు తెలుసు. రేపట్నుంచి వెళ్ళడు. వెళ్ళవు కదరా?"

మా మరిది తలూపాడు. నిజంగానే ఊపాడు. ఎవరో బలవంతం చేసినట్టు కాదు, అలసిపోయినవాడు బరువు దించుకున్నట్టు.

"విన్నావుగా. ఇంక ఈ మాట గుమ్మం దాటక్కర్లేదు," అంది అత్తయ్య.

"దాటేసిందమ్మా," అన్నాడు మా ఆయన. "ఆ పిల్లకి తెలిసింది. ఈపాటికి వీధంతా తెలిసి ఉంటుంది. రేపు టెంట్లో ఎవడో లేచి, ఏమయ్యా మాస్టరూ, మీ తమ్ముడి సంగతేమిటని అడిగేదాకా నోరు మూసుకు కూర్చోమంటావా? ఆ తర్వాత నా మాట మీద ఎవరైనా ఇంకో పూట చలిలో కూర్చుంటారా?"

"అడిగినప్పుడు చెప్పు."

"అడిగాక చెబితే అది చెప్పడం కాదమ్మా. దొరికిపోవడం."

"ఒక్క రోజు ఆగరా. నీ కాళ్ళు పట్టుకుంటా."

తల్లి ఆ మాట అన్నాక ఆగుతాడనే అనుకున్నాను. ఆగాడు కూడా, కొంచెంసేపు. గుమ్మం పట్టుకుని, బయటికి చూస్తూ. తర్వాత చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

టెంట్లో ఏం జరిగిందో నాకు పక్కింటివాళ్ళు చెప్పారు. మా ఆయన లేచి, "లోపల పని జరుగుతోంది. తాన్లు కోశారు. వెళ్తున్నవాళ్ళలో మా తమ్ముడున్నాడు," అని కూర్చున్నాడట. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారట. మిగిలినవాళ్ళూ కొట్టారట. ఆ చప్పట్ల సంగతి మా ఆయన నాకు ఇంతవరకూ చెప్పలేదు.

మా మరిదిని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అదే జరిగుంటే బావుండేదేమో, ఇంట్లోవాళ్ళం అడ్డం పడేవాళ్ళం. జరిగిందేమిటంటే, మర్నాడు తోడికోడలు కుళాయి దగ్గరకి వెళ్తే ఆడవాళ్ళందరూ బకెట్లు పక్కకి జరుపుకుని ఆమెకి దారి ఇచ్చారు. నిన్నటిదాకా ఆమె చేతిలో బకెట్ లాక్కుని తామే మోసిపెట్టినవాళ్ళు. ఆమె ఖాళీ బకెట్‌తో తిరిగొచ్చి, "అక్కా, నన్ను చూసి ఎవరూ మాట్లాడలేదు," అంది, చిన్నపిల్ల ఫిర్యాదు చేసినట్టు.

మరిదీ, తోడికోడలూ వెళ్ళిపోతామన్నారు. ఎవరో తెలిసినాయన వేరే ఊళ్ళో ఇస్త్రీ బండి ఉందన్నాడట. అత్తయ్య రెండు బొంతలు మడిచి మూటలో పెడితే తోడికోడలు తీసి పక్కన పెట్టింది. "వద్దత్తయ్యా. కోపంతో కాదు. వాటిని చూస్తే నాకు నిద్ర పట్టదు," అంది.

మా ఆయన ఆ పూట టెంట్లోనే ఉన్నాడు. కబురు పంపాను. రాలేదు.

మా మరిది మూట భుజానికెత్తుకుని నా దగ్గర ఆగాడు. "వదినా, అన్నకి చెప్పు..." అని మూట సర్దుకున్నాడు.

"ఏం చెప్పమంటావయ్యా?"

"ఏం లేదులే. వేళకి తినమను."

అత్తయ్య వీధి చివరిదాకా వాళ్ళ వెంట వెళ్ళింది. తిరిగొచ్చి బ్లేడు తీసుకుంది. నీలం ముక్కలున్న బొంతలు ఇంట్లో ఎన్ని మిగిలాయో అన్నీ విప్పడం మొదలుపెట్టింది. నేను సాయం కూర్చోబోతే వద్దంది.

చలి తగ్గేవేళకి సమ్మె తేలింది. గెలిచామనే చెప్పాలి. ఇద్దరు అమ్మాయిల్నీ వెనక్కి తీసుకున్నారు, స్టూళ్ళు వేశారు. వెనక గేటునుంచి వెళ్ళినవాళ్ళు మా మరిది ఒక్కడే కాదనీ, చాలామందే ఉన్నారనీ అప్పుడు బయటపడింది. ఎవరెవరో కూడా తెలిసింది. అయితే ఎవరికి పట్టింది? గెలిచిన సంతోషంలో అందరూ ఒకే గేటులోంచి లోపలికెళ్ళారు. కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నారు, తర్వాత ఒకే బల్ల దగ్గర టీలు తాగారు. ఆ చలికాలానికి మూల్యం చెల్లించింది, సొంత అన్న వేలెత్తి చూపించినవాడొక్కడే.

ఒకరోజు కాజాలమ్మాయి బిడ్డని ఎత్తుకుని మా ఇంటికొచ్చింది. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఆ పిల్ల కూర్చోలేదు. బిడ్డని ఒక భుజం మీదనుంచి ఇంకో భుజం మీదకి మార్చుకుంటూ నిలబడింది.

"అన్నా, ఒక మాట అడుగుతాను. ఆ రోజు టెంట్లో ఎందుకు చెప్పావు?"

"నువ్వు చూశావు కదమ్మా. నువ్వు చూశాక వీధికి తెలియకుండా ఉంటుందా?"

"నేనెవరికీ చెప్పలేదన్నా. మా అమ్మకి కూడా చెప్పలేదు. నీళ్ళు నీలంగా మారగానే బొంతని దండెం మీద కూడా ఆరెయ్యలేదు. తడిదే బకెట్లో పెట్టి, తువ్వాలు కప్పుకుని తెచ్చాను. మీ ఇంటి సంగతి మీరు చూసుకుంటారని ఇచ్చి వెళ్ళాను." ఆ పిల్ల బిడ్డ వీపు మీద చెయ్యి వేసింది. "నా బిడ్డ కోసం ఇంతమంది కూర్చున్నారు. ఆయన బిడ్డ కోసం ఆయన వెళ్ళాడు. ఆయన మీద నేను ఎలా చెప్తాననుకున్నావన్నా?"

మా ఆయన బిడ్డ తల మీద చెయ్యి వెయ్యబోయి, వెనక్కి తీసుకున్నాడు. ఆ పిల్ల వెళ్ళాక చాలాసేపు గుమ్మం పక్క ఆ బకెట్ దించిన చోటికేసి చూస్తూ ఉండిపోయాడు. తువ్వాలు కప్పి తెచ్చిందన్నది ఆయనా చూశాడు, నేనూ చూశాను. చూసినదాన్ని ఆయన ఆ పూట ఎలా చూడకుండా పోయాడో, ఆ లెక్క ఆయనకే తెలియాలి.

అత్తయ్య పెద్దకొడుకుతో మాట్లాడడం మానేసిందని అనలేను. వడ్డించాననేది, తలుపు వేసుకోమనేది. అంతకుమించి తనంతట తాను పలకరించి ఎరగదు. ఆయన ఏదైనా అడిగితే నాకేసి చూసి జవాబు చెప్పేది. తోడికోడలికి ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ పిల్లా బాగున్నారనీ దారాలు అమ్మే ఆయన ద్వారా కబురొచ్చింది. ఆ రోజు ఆమె కుట్టు పక్కన పెట్టి లోపలికెళ్ళి పడుకుంది. సంతోషంతోనో, దుఃఖంతోనో, నేను అడగలేదు.

ఆ మరుసటి ఏడు చలి మళ్ళీ ముదురుతుండగా, ఒక ఆదివారం మా ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉన్నంతలో మంచి చొక్కా వేసుకున్నాడు. దారాలాయన దగ్గర వీధి గుర్తులు కనుక్కున్నానన్నాడు. నేను ఏమైనా పట్టుకెళ్ళమని అంటే, "వెళ్ళనీ ముందు," అన్నాడు. అత్తయ్య వింటూనే ఉంది. ఆ రోజంతా ఒక్క కుట్టూ కుట్టలేదు, సూదిలో దారం ఎక్కించి పెట్టుకుని కూర్చుంది.

దీపాలు పెట్టేవేళకి వచ్చాడు.

"దొరికిందా ఇల్లు?" అన్నాను.

"లేదు. ఆ వీధిలో అన్నీ ఒకేలా ఉన్నాయి," అన్నాడు.

అన్నం పెట్టాను. కలుపుతూ కూర్చున్నాడు కానీ ముద్ద ఎత్తలేదు. అత్తయ్య తన మూల గోడవైపు తిరిగి కూర్చుంది. చాలాసేపటికి, ఎవరితో అంటున్నాడో తెలియకుండా, కంచంలోకి చూస్తూ అన్నాడు.

"పిల్లకి నడకొచ్చింది."

నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అత్తయ్య ఇటు తిరిగింది. ఏడాది తర్వాత మొదటిసారి, తనంతట తాను, కొడుకు మొహంలోకి సూటిగా చూసి అడిగింది.

"ఎవరి పోలికరా?"

మా ఆయన కంచం పక్కకి జరిపాడు.

"వీధికి ఇవతల నిలబడి చూశానమ్మా. మొహం కనపడలేదు."